మూత్రాశయం నిండిందని చెప్పే సెన్సర్లు

మా మేనమామ ఫోన్‌లో రోజుకు ఐదు అలారాలు మోగుతాయి. ఉదయం ఆరు, పదకొండు, సాయంత్రం నాలుగు, రాత్రి తొమ్మిది, మళ్లీ రెండు. మోగగానే ఆయన చేతులు సబ్బుతో కడుక్కుని, చక్రాల కుర్చీని గోడవైపు తిప్పుకుని, సన్నని ప్లాస్టిక్ పైపుతో మూత్రం తీసుకుంటారు. ఆయనది నల్లగొండ జిల్లా, గీత కార్మికుడు. తాడిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస విరిగి పదకొండేళ్లయింది. నడవలేకపోవడం అందరికీ కనిపించే నష్టం. ఎవరికీ కనిపించని నష్టం మరొకటుంది. మూత్రం నిండిందన్న కబురు ఆయన మెదడుకు చేరదు. "పొట్ట చెప్పుడు బంద్ చేసింది అల్లుడూ, ఇగ ఫోనే చెప్తున్నది" అంటుంటారు.

ఈ ఏర్పాటుతో ఒక చిక్కుంది. ఎన్ని గంటలైందో ఫోన్‌కు తెలుసు, ఎంత నిండిందో తెలియదు. మన మూత్రపిండాలు నిమిషానికి సగటున ఒకటి, ఒకటిన్నర మిల్లీలీటర్ల మూత్రం తయారుచేస్తాయి. కానీ ఆ లెక్క రోజంతా ఒక్క తీరుగా ఉండదు. మే నెల మధ్యాహ్నం ఒంట్లో నీరంతా చెమటగా పోతుంటే మూత్రం తగ్గిపోతుంది. డిసెంబరు రాత్రి పెరుగుతుంది. రోజంతా కుర్చీలో కూర్చునేవారికి కాళ్లలో నీరు చేరుతుంది. రాత్రి పడుకోగానే ఆ నీరు తిరిగి రక్తంలో కలిసి మూత్రపిండాలకు పని పెంచుతుంది. అందుకే అదే ఐదు గంటలకు ఒకసారి పావు గ్లాసు వస్తుంది, ఇంకోసారి అర లీటరు దాటుతుంది.

పావు గ్లాసు కోసం పైపు వేయడం అనవసరం. అనవసరంగా వేసిన ప్రతి పైపూ ఇన్ఫెక్షన్‌కు తెరిచిన తలుపే. అర లీటరు దాటడం అంతకన్నా పెద్ద ముప్పు. వెన్నుపాము దెబ్బ ఆరో ఛాతీ వెన్నుపూస దగ్గర గానీ అంతకంటే పైన గానీ ఉన్నవారిలో, మూత్రాశయం బాగా నిండితే చాలు, రక్తపోటు ఒక్కసారిగా ప్రాణం మీదికి వచ్చేంత పెరగవచ్చు. ఈ భయానికి చాలామంది కనిపెట్టుకున్న ఉపాయం నీళ్లు తాగడం తగ్గించడం. దాంతో మూత్రం చిక్కబడుతుంది, రాళ్లు వస్తాయి, ఇన్ఫెక్షన్ మళ్లీ మొదలవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కోటిన్నర మందికి పైగా వెన్నుపాము దెబ్బతో జీవిస్తున్నారు. పుట్టుకతోనే వెన్నులో లోపం ఉన్న పిల్లలు, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారు, పక్షవాతం వచ్చిన వృద్ధులు వీరికి అదనం. ఇక మధుమేహం సంగతి మనకు మరీ దగ్గరిది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే మన దేశంలో మధుమేహులు 10.1 కోట్లని తేల్చింది. ఏళ్ల తరబడి చక్కెర అదుపులో లేకపోతే పాదాల్లో స్పర్శ పోయినట్టే మూత్రాశయంలోనూ పోతుంది. పాదానికి పుండు పడితే కనిపిస్తుంది. మూత్రాశయం మాత్రం నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా సాగిపోతూ ఉంటుంది.

గడియారాన్ని నమ్ముకునే బదులు మూత్రాశయాన్నే నేరుగా అడగగలమా? పొట్ట మీద అతికించే సెన్సర్లు, లోపల అమర్చే సెన్సర్ల మీద ఇరవై ముప్పై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధనలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి.

శరీరంలోనే ఉన్న సెన్సర్

ముందు, ఆరోగ్యవంతులకు ఎలా తెలుస్తుందో చూద్దాం. మూత్రాశయం కండరంతో చేసిన సంచి. ఆ కండరం పేరు డెట్రూసర్. సంచి అడుగున బిగింపు కండరాలు రెండు తాళాల్లా పనిచేస్తాయి. లోపలి తాళం మన ఆధీనంలో ఉండదు, బయటిది ఉంటుంది. సుమారు 150 నుంచి 250 మిల్లీలీటర్లు నిండేసరికి మొదటి కబురు వస్తుంది. 400 నుంచి 500 మధ్య ఇక ఆపుకోవడం కష్టం. ఆ కబురు వెన్నుపాము చివరి భాగానికి వెళ్లి, అక్కడి నుంచి మెదడు కాండానికి చేరుతుంది. అక్కడి నాడీకేంద్రం ‘ఇప్పుడు కాదు’ అన్నంతసేపు కండరం వదులుగా ఉంటుంది, తాళాలు బిగిసి ఉంటాయి. ‘సరే’ అనగానే రెండూ తిరగబడతాయి.

గోడ సాగిందని నాడికి చెప్పేదెవరో చాలాకాలం స్పష్టంగా తెలియదు. ఆర్డెమ్ పటపూటియన్ బృందం కణాల పొరలో ఉండే పీజో1, పీజో2 అనే ప్రొటీన్లను 2010లో కనిపెట్టింది. పొర సాగితే తెరుచుకునే సూక్ష్మ ద్వారాలివి. తెరుచుకోగానే అయాన్లు లోపలికి వస్తాయి, విద్యుత్ సంకేతం పుడుతుంది. 2021లో వైద్య నోబెల్‌ను డేవిడ్ జూలియస్‌తో కలిసి ఆయన పంచుకున్నారు. అంతకు ఏడాది ముందు, 2020లో, ఆయన సహచరులు, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలు కలిసి మూత్రాశయంలోనూ పీజో2 పనిచేస్తోందని చూపారు. ఎలుకలలో అది లేకుండా చేస్తే మూత్రాశయం మరీ నిండేదాకా స్పందన రాలేదు.

ఆ పరిశోధనలోనే జన్యులోపం వల్ల పుట్టుకతో పీజో2 పనిచేయని మనుషులూ ఉన్నారు. వారి వెన్నుపాముకు ఏ దెబ్బా తగల్లేదు, నాడులు తెగలేదు. అయినా వారిలో చాలామందికి మూత్రం వస్తోందని సరిగా తెలియదు, వేళ చూసుకుని వెళ్తారు. ఈ సంగతి చదివినప్పుడు మా మామ అలారాలు గుర్తొచ్చాయి. ఒక్క ప్రొటీన్ లేకపోతే మనమంతా గడియారాన్ని నమ్ముకోవలసిన వాళ్లమే.

బెలూన్ లెక్క

ఇంజినీర్లు తయారుచేయాల్సిన సెన్సర్‌కు రెండు ప్రశ్నలున్నాయి. ఎంత నిండింది? లోపల పీడనం ఎంత? ఒకటి తెలిస్తే రెండోదీ తెలిసిపోతుందనిపిస్తుంది, కానీ అలా జరగదు.

సైకిల్ ట్యూబులో గాలి కొట్టేకొద్దీ పీడనం పెరుగుతుంది. ఆరోగ్యకరమైన మూత్రాశయం అలా ప్రవర్తించదు. ఖాళీగా ఉన్నప్పటి నుంచి 400 మిల్లీలీటర్ల దాకా నింపినా లోపలి పీడనం కొద్ది సెంటీమీటర్ల నీటిమట్టం మేరకే పెరుగుతుంది. డాక్టర్లు ఈ పీడనాన్ని ఇంకా నీటి సెంటీమీటర్లలోనే కొలుస్తారు. నిలువు గొట్టంలో నీరు ఎంత ఎత్తుకు లేస్తుందన్న పాత పద్ధతి అది. గోడ మెల్లగా సాగుతూ, కండరం వదులవుతూ చోటిస్తుంది కాబట్టి పీడనం పెరగదు. అంటే ఆరోగ్యవంతుడి మూత్రాశయంలో పీడన సెన్సర్ పెడితే, ఎంత నిండిందో దాన్ని చూసి చెప్పలేం.

జబ్బుపడిన మూత్రాశయంలో కథ వేరు. వెన్నుపాము దెబ్బతిన్నాక కొందరిలో కండరం బిగుసుకుపోతుంది. పైగా, అది సంకోచించే సమయానికే తాళమూ బిగుసుకుంటుంది. దాంతో లోపల పీడనం బాగా పెరుగుతుంది. మూత్రపిండాల నుంచి చుక్క చుక్కగా దిగే మూత్రం ఆ పీడనాన్ని తోసుకుని రావాలి. రాలేనప్పుడు పైనే నిలిచిపోయి మూత్రపిండాలను వాపెక్కిస్తుంది. 1981లో ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్ బృందం వెన్నులోపంతో పుట్టిన పిల్లలను పరిశీలించి ఒక సంఖ్య చెప్పింది: కారడం మొదలయ్యే వేళకు మూత్రాశయ పీడనం 40 సెంటీమీటర్లు దాటినవారిలోనే మూత్రపిండాలు, మూత్రనాళాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. నలభై ఏళ్లు దాటినా యూరాలజిస్టులు ఆ సంఖ్యను మరిచిపోలేదు. మన రక్తపోటు లెక్కలో అది 30 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. చూడటానికి చిన్నదే, కానీ రోజుల తరబడి అలాగే ఉంటే మూత్రపిండం తట్టుకోలేదు. ఒకప్పుడు వెన్నుపాము దెబ్బ తిన్నవారి మరణాలకు ముఖ్య కారణం మూత్రపిండాలు పాడవడమే. 1972లో మిచిగాన్‌కు చెందిన జాక్ లాపిడెస్, పూర్తిగా క్రిమిరహితం కాకపోయినా శుభ్రమైన పైపుతో ఎవరికి వారు వేళకు మూత్రం తీసుకుంటే చాలని చెప్పి ఆ పరిస్థితిని చాలా మార్చారు. మా మామ రోజుకు ఐదుసార్లు చేసేది ఆ పద్ధతే.

కాబట్టి ఎప్పుడు ఖాళీ చేయాలో తెలియడానికి పరిమాణం కావాలి. మూత్రపిండాలకు ముప్పుందా అన్నది తెలియడానికి పీడనం కావాలి. పొట్ట మీద అంటించే సెన్సర్లు మొదటి ప్రశ్నకే జవాబిస్తాయి. పీడనం కొలవాలంటే ఇప్పటికైతే లోపలికి వెళ్లక తప్పదు.

ఇప్పుడున్న పరీక్ష

పీడనం కొలవడానికి ఇప్పుడు ఆసుపత్రుల్లో యూరోడైనమిక్స్ అనే పరీక్ష చేస్తారు. మూత్రమార్గం గుండా ఒక సన్నని గొట్టం, మలద్వారంలో మరొకటి పెడతారు. మొదటిది మూత్రాశయంలోని పీడనాన్ని చెబుతుంది. రెండోది పొట్ట లోపలి పీడనాన్ని చెబుతుంది. దగ్గినా, కదిలినా, నవ్వినా రెండూ కలిసి పెరుగుతాయి. మొదటి దానిలోంచి రెండోదాన్ని తీసేస్తే మిగిలేది మూత్రాశయ కండరం సొంతంగా పెట్టిన పీడనం. ఆలోచన తెలివైనది. అయితే మూత్రపిండాలు నింపేదాకా ఎవరూ ఆగరు కాబట్టి గొట్టం ద్వారా సెలైన్ ఎక్కిస్తారు. నిమిషానికి 50 మిల్లీలీటర్ల వేగం సాధారణం. అది శరీరం నింపే వేగానికి ముప్పై రెట్లకు పైనే.

మామను ఒకసారి ఆ పరీక్షకు హైదరాబాద్ తీసుకెళ్లాను. చల్లని గది, తెలియని మనుషులు, రెండు గొట్టాలు. ముప్పావు గంటలో అయిపోయింది. చేతికిచ్చిన కాగితం మీద మూడు గీతలు. పరీక్ష చేసినవారి తప్పేమీ లేదు. ఆ ముప్పావు గంటను బట్టి మిగతా ఏడాది మూత్రాశయం ఎలా ఉంటుందో ఊహించాలి, అంతే. రక్తపోటును ఇరవై నాలుగు గంటలూ కొలిచే పట్టీ వచ్చింది. చక్కెరను రెండు వారాలు కొలిచే బిళ్ల వచ్చింది. మూత్రాశయానికి మాత్రం ఇంకా ఫొటోలే, వీడియో లేదు.

పొట్ట మీది నుంచి

బయటి నుంచి చూడటానికి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది అల్ట్రాసౌండ్. కారణం సులువే. మూత్రం నీరులాంటిది, ధ్వని తరంగాలు దానిలోంచి ఏ ప్రతిధ్వనీ లేకుండా సాగిపోతాయి. గోడ తగిలినప్పుడే వెనక్కి వస్తాయి. పొట్ట మీద పెట్టిన చిన్న స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే అది కంపించి ధ్వని పుట్టిస్తుంది. తిరిగివచ్చే ధ్వని దాన్ని కదిలిస్తే మళ్లీ విద్యుత్తు పుడుతుంది. ముందు గోడ నుంచి ఒక ప్రతిధ్వని, వెనక గోడ నుంచి మరొకటి. వాటి మధ్య వ్యవధి కొలిస్తే సంచి వెడల్పు తెలుస్తుంది. కణజాలంలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1,540 మీటర్లు. పది సెంటీమీటర్ల మూత్రాశయానికి రెండు ప్రతిధ్వనుల నడుమ తేడా సెకనులో లక్షకు పదమూడు వంతులు. నేటి ఎలక్ట్రానిక్స్‌కు అదేమంత కష్టం కాదు.

వార్డుల్లో నర్సులు చేతిలో పట్టుకుని వాడే బ్లాడర్ స్కానర్లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. ఖరీదు లక్షల్లో. దాన్ని చిన్నది చేసి ఒంటికి అంటిస్తే చాలు కదా అనుకుంటే, ఇక్కడ ఒక జ్యామితి చిక్కు ఉంది. ఈ విషయం ప్రకటనల్లో కనిపించదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మూత్రాశయాన్ని గుండ్రని బంతి అనుకోండి. 50 మిల్లీలీటర్లున్నప్పుడు వ్యాసం దాదాపు 4.6 సెంటీమీటర్లు. 100కు చేరితే 5.8. అంటే ఆ 50 మిల్లీలీటర్లకు వ్యాసం 12 మిల్లీమీటర్లు పెరిగింది. ఇప్పుడు 400 నుంచి 450కి వెళ్దాం. వ్యాసం 9.1 నుంచి 9.5 అవుతుంది, పెరిగింది నాలుగు మిల్లీమీటర్ల లోపే. ఘనపరిమాణం వ్యాసానికి ఘాతం మూడు కాబట్టి ఇలా అవుతుంది. సంచి దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు, అంటే మనకు అవసరం లేనప్పుడు, సెన్సర్ చురుగ్గా ఉంటుంది. నిండబోతున్నప్పుడు మందగిస్తుంది. ఆ సమయంలో మనిషి కుర్చీలో కాస్త జరిగినా పొట్ట చర్మం నాలుగు మిల్లీమీటర్లకు మించే కదులుతుంది. పైగా అసలు మూత్రాశయం బంతిలా ఉండదు. కొంచెం నిండితే పైనుంచి నొక్కిన దిండులా ఉంటుంది, నిండాక కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

అందుకే బయట అమ్ముతున్న పరికరాలు మిల్లీలీటర్ల జోలికి పోకుండా ‘నిండబోతోంది’ అని హెచ్చరించడంతో సరిపెట్టుకుంటాయి. జపాన్‌కు చెందిన ట్రిపుల్ డబ్ల్యూ సంస్థ 2017లో డీఫ్రీ అనే పరికరాన్ని విడుదల చేసింది. డైపర్ల నుంచి విముక్తి అన్నది ఆ పేరులోని అర్థం. వృద్ధుల సంరక్షణ కేంద్రాలు దాని తొలి వినియోగదారులు: ఎవరిని ఎప్పుడు మరుగుదొడ్డికి తీసుకెళ్లాలో సిబ్బందికి చెబుతుంది. సంస్థ స్థాపకుడు అత్సుషి నకనిషి అమెరికాలో ఉండగా ఒకరోజు దారిలో ఆపుకోలేక బట్టలు పాడైన అనుభవం నుంచే ఈ ఆలోచన వచ్చిందని తానే బహిరంగంగా చెప్పుకున్నారు. సిగ్గుపడి దాచుకునే విషయాన్ని అలా చెప్పడం కూడా ఈ రంగానికి ఒక మేలే.

నెదర్లాండ్స్‌లో నోవియోస్కాన్ సంస్థ సెన్స్‌యూ పేరుతో పిల్లల కోసం ఇలాంటిదే చేసింది. పగటిపూట బట్టలు తడుపుకునే పిల్లల పొట్ట మీద అంటిస్తే, నాలుగు దిశల్లో ధ్వనిని పంపి, నిండబోయే ముందు మెల్లగా కంపిస్తుంది. బడిలో పక్కవాళ్లకు తెలియకుండా లేచి వెళ్లవచ్చు. పాత అలారాలు తడిసిన తర్వాత మోగేవి; ఇది ముందే చెబుతుంది. పిల్లలకు ఈ పద్ధతి బాగా పనిచేయడానికి భౌతిక కారణం కూడా ఉంది. వారి పొట్ట మీద కొవ్వు తక్కువ, మూత్రాశయం చర్మానికి దగ్గరగా ఉంటుంది.

పెద్దవాళ్ల కోసం మరో మెట్టు ఎక్కింది అమెరికాలోని ఎమ్‌ఐటీకి చెందిన జనాన్ దాదెవిరెన్ బృందం. వారి పట్టీ 2023లో నేచర్ ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చింది. ఆమె తమ్ముడికి క్యాన్సర్ వల్ల ఒక మూత్రపిండం తీసేశాక మూత్రాశయం పూర్తిగా ఖాళీ కావడం కష్టమైంది. ఆ ఇబ్బందే ఈ పరిశోధనకు ప్రేరణ. ఒక్క స్ఫటికం కాకుండా ఐదు స్ఫటికాల వరుసలను మెత్తని రబ్బరు లాంటి పట్టీలో కూడిక గుర్తు ఆకారంలో అమర్చారు. దాంతో వెడల్పు ఒక్కటే కాదు, మొత్తం మూత్రాశయం బొమ్మ వస్తుంది. జెల్ అవసరం లేదు. ఇరవై మంది మీద, సన్నవాళ్లూ లావువాళ్లూ కలిపి, నిండుగా, సగం ఖాళీగా, పూర్తి ఖాళీగా ఉన్నప్పుడు పరీక్షించారు. మామూలు అల్ట్రాసౌండ్ చూపిన దానికి దగ్గరగానే చూపింది. కాకపోతే ఆ పట్టీ వెనకాల తీగ ఉంది, తీగ చివర పెద్ద యంత్రం ఉంది. ఆ యంత్రాన్ని చిన్నది చేయడం మీద బృందం పనిచేస్తోంది. పట్టీ ఎంత పల్చగా ఉన్నా వందలాది ప్రతిధ్వనులను బొమ్మగా మార్చడానికి కంప్యూటరూ కరెంటూ కావాలి మరి.

అల్ట్రాసౌండ్ కాకుండా ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి, పొట్టకు ఇరువైపులా స్వల్ప విద్యుత్ ప్రవాహం పంపి నిరోధం కొలవడం. మూత్రంలో ఉప్పు ఉంది కాబట్టి నిండేకొద్దీ నిరోధం తగ్గుతుంది. పరికరం చవక. కానీ ఉప్పు చేప తిన్న రోజు మూత్రానికీ, మజ్జిగ ఎక్కువ తాగిన రోజు మూత్రానికీ విద్యుత్ వాహకత చాలా తేడా. పరిమాణం మారిందా, ఉప్పు మారిందా అన్నది సెన్సర్‌కు తెలియదు. రెండోది, నీరు ఎక్కువగా పీల్చుకునే 970 నానోమీటర్ల పరారుణ కాంతిని పంపి ఎంత తిరిగొస్తుందో చూడటం. కాంతి చర్మం కింద కొన్ని సెంటీమీటర్లకు మించి వెళ్లదు. బొజ్జ ఉన్నవారికి కుదరదు.

లోపలి నుంచి

లోపల సెన్సర్ పెట్టాలనుకునేవారికి మూత్రాశయం దాదాపు శత్రుప్రాంతం. మూత్రంలో కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ కరిగి ఉంటాయి. కొన్ని బ్యాక్టీరియాలు యూరియాను విడగొట్టి మూత్రాన్ని క్షారంగా మారుస్తాయి. అప్పుడు ఈ లవణాలు దొరికిన వస్తువు మీదల్లా పేరుకుంటాయి. నెలల తరబడి ఉంచిన కాథెటర్ కొసను చూసినవారికి ఇది కొత్త కాదు, బోరు నీళ్ల కుళాయికి పట్టే తెల్లని గార లాగే ఉంటుంది. సెన్సర్ మీద ఆ గార పడితే అది కొలిచేది పీడనం కాదు, గార మందం.

కాబట్టి లోపల తేలుతూ ఉండే పరికరాలను గంటలకో, కొద్ది రోజులకో పరిమితం చేస్తున్నారు. క్లీవ్‌ల్యాండ్‌లో మార్గోట్ డమాసర్, స్టీవ్ మజెరస్ బృందాలు తయారుచేసిన యూరోమానిటర్ అలాంటిది. మెత్తని సిలికాన్‌లో పీడన సెన్సర్, బ్యాటరీ, రేడియో ఉంటాయి. కాథెటర్‌లా నిటారుగా లోపలికి వెళ్లి, అక్కడ కొక్కెంలా వంగి నిలిచిపోతుంది, కాబట్టి మూత్రంతో పాటు బయటకు జారిపోదు. తీయడానికి ఒక దారం వేలాడుతుంది. రోగి లేచి తిరగవచ్చు, ఇంటికి వెళ్లవచ్చు, మామూలుగా మూత్రపిండాలే మూత్రాశయాన్ని నింపుతాయి. జంతువుల తర్వాత మనుషులలోనూ ప్రాథమిక పరీక్షలు జరిగాయి.

ఇక్కడ మలద్వారంలో రెండో గొట్టం లేదని గమనించారా? మరి దగ్గుకూ, మూత్రాశయ కండరం బిగింపుకూ తేడా ఎలా తెలుస్తుంది? తరంగ ఆకారాన్ని బట్టి. దగ్గు క్షణంలో లేచి క్షణంలో పడిపోయే ముల్లు లాంటిది. కండరం మెల్లగా బిగుసుకుంటుంది, మెల్లగా వదులుతుంది. గీత గుట్టలా లేస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రాం ఆ రెండిటినీ విడదీస్తుంది. కానీ మనిషి కుర్చీలోంచి మంచం మీదికి మారేటప్పుడు వచ్చే పీడనం ముల్లూ కాదు, గుట్టా కాదు. అలాంటి చోట రెండో గొట్టం విలువ తెలుస్తుంది. ప్రోగ్రాం ఎంత నేర్చుకున్నా ఆ తీసివేత అంత నమ్మకంగా ఉండదని నా అనుమానం.

నెలల తరబడి కొలవాలంటే మూత్రానికి తగలకుండా మూత్రాశయం బయటి గోడకు అతికించాలి. అప్పుడు కొలవాల్సింది సాగుదల. ఇక్కడ మళ్లీ మన బంతి లెక్క. 50 నుంచి 400 మిల్లీలీటర్లకు, అంటే ఎనిమిది రెట్లకు పెరిగితే వ్యాసం రెండింతలవుతుంది. చుట్టుకొలతా అంతే. వంతెనల మీద, విమానం రెక్కల మీద సాగుదలను కొలిచే లోహపు సెన్సర్లు నూటికి కొద్ది వంతులు సాగితేనే తెగిపోతాయి. ఇక్కడ నూటికి నూరు వంతులు సాగాలి, రోజుకు ఆరేడుసార్లు, ఏళ్ల తరబడి. అదీ మూత్రాశయాన్ని బిగించకుండా. నడుముకు పెట్టుకున్న బెల్టు ఊపిరి ఆడనివ్వకపోతే ఏం లాభం?

నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్, గిల్లెర్మో అమీర్, అరుణ్ శర్మ తదితరులు 2024లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పత్రికలో ప్రచురించిన పరికరం ఈ కష్టాన్ని చాలావరకు దాటింది. మెత్తని సాగుదల సెన్సర్‌ను మూత్రాశయం గోడకు కలిపారు. సంకేతాలను పంపే భాగం వేరుగా శరీరంలోనే ఉంటుంది, అక్కడి నుంచి బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు సమాచారం వస్తుంది. మూత్రాశయంలో కొంత భాగాన్ని తొలగించే శస్త్రచికిత్స తర్వాత అది ఎలా కోలుకుంటోందో తెలుసుకోవడం లక్ష్యం. బబూన్ కోతుల్లో ఎనిమిది వారాల పాటు నింపడం, ఖాళీ కావడం గుర్తించగలిగారు. ఎనిమిది వారాలంటే పరిశోధనలో పెద్ద విజయం. మా మామ లెక్కలో మాత్రం రెండు నెలలే.

ఇంకొంత ముందుకు వెళ్తే, సెన్సర్ కబురు చెప్పడంతో ఆగక పని కూడా చేయవచ్చు. 2019లో నేచర్‌లో వచ్చిన ఒక ప్రయోగంలో ఇదే రోజర్స్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలతో కలిసి ఎలుక మూత్రాశయం చుట్టూ సాగే పట్టీ ఒకటి చుట్టారు. దానితోపాటు చిన్న ఎల్ఈడీ దీపాలు పెట్టారు. కాంతికి స్పందించే ప్రొటీన్ జన్యువును వైరస్ ద్వారా మూత్రాశయ నాడీకణాల్లోకి ముందే పంపారు. ఎలుక మరీ తరచుగా మూత్రం పోస్తోందని పట్టీ గమనించగానే దీపం వెలుగుతుంది, నాడి నెమ్మదిస్తుంది, మూత్రవిసర్జన మామూలు స్థాయికి వస్తుంది. ఇంట్లో ట్యాంకు నిండితే మోటారు ఆపే ఆటోమేటిక్ స్విచ్ లాంటి ఏర్పాటు. మనుషులకు జన్యువులు చొప్పించడం అంత తేలికైన నిర్ణయం కాదు కనుక ఈ దారి ఇంకా పొడవే. అయితే వెన్ను చివరి నాడులను విద్యుత్తుతో ప్రేరేపించే పరికరాలు 1997 నుంచి అమెరికాలో చికిత్సలో ఉన్నాయి. అవి రాత్రీపగలూ ఒకే తీరుగా పనిచేస్తుంటాయి, సంచి నిండిందో లేదో వాటికి పట్టదు. వాటికి ఒక సెన్సర్ జోడించడం దగ్గరలో ఉన్న లక్ష్యం.

ఊరికి వచ్చేసరికి

ఈ పరికరాలన్నీ ఒకే ధరలో, ఒకే అవసరానికి కావాలని అనుకోనక్కర్లేదు. మధుమేహం ఉన్నవారికి రోజంతా కొలత అవసరం లేదు. మూత్రం పోసి వచ్చాక లోపల ఎంత మిగిలిందో ఏడాదికి ఒకటి రెండుసార్లు చూస్తే చాలామందిలో సమస్య ముందే తెలుస్తుంది. ఇది మామూలు అల్ట్రాసౌండ్‌తో ఈ రోజే కుదిరే పని. పాదాల్లో తిమ్మిరి గురించి అడిగే డాక్టరును మూత్రం సంగతీ అడగమని మనమే గుర్తుచేయవచ్చు.

వెన్నుపాము దెబ్బ తిన్నవారికి రోజూ కావాలి. వీరిలో చాలామంది ఒకే కాథెటర్‌ను కడుక్కుని మళ్లీ మళ్లీ వాడతారు, ప్రతిసారీ కొత్తది కొనే స్తోమత ఉండదు. వారానికోసారి మార్చాల్సిన అంటుపట్టీ, నెలనెలా కట్టాల్సిన యాప్ చందా వీరికి అందే దారి ఏదో ఇంజినీరింగ్ పత్రికల్లో కనిపించదు. ఇంకో సంగతి, ఈ సమాచారం ఎవరి ఫోన్‌కు వెళ్తుంది? పిల్లవాడి సెన్సర్ టీచరుకు చెబితే మేలే అనిపిస్తుంది. ఆ పిల్లవాడిని అడిగితే వేరే మాట చెప్పవచ్చు.

మామకు ఎమ్‌ఐటీ పట్టీ వీడియో చూపించాను. పూర్తిగా చూసి, "మే నెల చెమటకు ఆగుతదా ఇది?" అన్నారు. అంటుకునే గుణం గురించి పరిశోధకులు ఆలోచించారు గానీ నల్లగొండ ఎండ వారి ప్రయోగంలో లేదు.

అంతదాకా మేం ఇంకో పని చేశాం. కొలతలు గీసిన ప్లాస్టిక్ మగ్గు ఒకటి, ఒక నోటుపుస్తకం కొన్నాం. ప్రతి అలారానికీ ఎంత వచ్చిందో, అంతకుముందు ఏం తాగారో అత్తమ్మ రాస్తుంది. డాక్టర్లు దీన్ని బ్లాడర్ డైరీ అంటారు, పైసా ఖర్చు లేని పాత పద్ధతి. మూడు వారాల పుస్తకం తీసుకెళ్లి చూపిస్తే డాక్టరు గారు పది నిమిషాలు తిరగేశారు. ఎండాకాలంలో పదకొండు గంటల అలారాన్ని పన్నెండున్నరకు జరపమన్నారు. చలికాలంలో మాత్రం రాత్రి రెండింటి అలారాన్ని ఒంటిగంటకు ముందుకు తెచ్చి, నాలుగింటికి ఇంకొకటి పెట్టమన్నారు. ఇప్పుడు మామ ఫోన్‌లో అలారాలు రెండు జాబితాలున్నాయి. సంక్రాంతి పోయాక ఒకటి, హోలీ పోయాక ఇంకొకటి.